గాలపు సామగ్రిపై సుంకం: తిరిగి నీటికే జమ

అమెరికాలో గాలపు కర్రలు, రీళ్లు, కృత్రిమ ఎరలు తయారుచేసేవారు, దిగుమతి చేసుకునేవారు తమ అమ్మకపు ధరపై 10 శాతం ఎక్సైజు సుంకం చెల్లిస్తున్నారు. సుంకం పేరెత్తితే వర్తకులు ముఖం చిట్లించడం ఎక్కడైనా మామూలే. ఈ సుంకానికి మాత్రం ఆ సరుకు తయారీదార్లే మద్దతుగా నిలవడం విశేషం. వసూలైన సొమ్ము సాధారణ ఖజానాలో కలవదు. చేపల వృద్ధికే ఖర్చవుతుంది. నీటిలో చేప ఉంటేనే గాలానికి గిరాకీ.

ఈ ఏర్పాటుకు మూలం 1950లో సెనేటర్ ఎడ్విన్ జాన్సన్, ప్రతినిధుల సభ సభ్యుడు జాన్ డింగెల్ తెచ్చిన చట్టం. తుపాకులు, తూటాలపై సుంకాన్ని వన్యప్రాణుల రక్షణకు కేటాయించిన 1937 నాటి చట్టమే దానికి నమూనా. 1984 సవరణతో మోటారు పడవల ఇంధనంపై పన్ను, విహార పడవలపై దిగుమతి సుంకం కూడా నిధికి తోడై రాబడి బాగా పుంజుకుంది.

పంపకం లెక్క ఆసక్తికరం. రాష్ట్రం వాటాలో 40 శాతం దాని భూమి, నీటి విస్తీర్ణాన్ని బట్టి, 60 శాతం రుసుము చెల్లించి లైసెన్సు తీసుకున్న గాలపు వేటగాళ్ల సంఖ్యను బట్టి నిర్ణయమవుతుంది. ఏ రాష్ట్రానికీ మొత్తంలో 5 శాతం మించదు, 1 శాతం తగ్గదు. రాష్ట్రం ముందుగా తన సొమ్ము ఖర్చుపెట్టాలి. ఆమోదం పొందిన పనికి 75 శాతం వరకు తిరిగి వస్తుంది. అంటే సొంత డాలరుకు మూడు డాలర్లు. చేపపిల్లల కేంద్రాలు, సరస్సుల సర్వేలు, పడవలు దించే రేవులు ఈ పద్దు కిందనే సాగుతున్నాయి.

షరతు ఒకటుంది. లైసెన్సు రుసుములను మత్స్య, వన్యప్రాణి శాఖ పనులకు తప్ప మరి దేనికీ మళ్లించరాదు. మళ్లిస్తే కేంద్ర వాటాకు అర్హత పోతుంది. ఖజానా కటకటలాడినప్పుడు ప్రత్యేక నిధులపై చేయి వేయడం ప్రభుత్వాలకు కొత్త కాదు. మార్కెట్ సెస్సు కట్టే మన వర్తకులకు ఈ కట్టడి విలువ వేరే చెప్పనక్కరలేదు.

2005 నుంచి ఒక్కో కర్రపై సుంకం 10 డాలర్లకు మించకుండా పరిమితి ఉంది. సామగ్రి పెట్టెలపై రేటు 3 శాతానికి తగ్గింది. అంతకంటే పెద్ద చిక్కు పార్సిళ్లది. కొనుగోలుదారు విదేశీ అమ్మకందారు నుంచి నేరుగా తెప్పించుకునే సరుకుపై ఈ సుంకం సరిగా వసూలు కావడం లేదని అక్కడి తయారీదార్ల ఫిర్యాదు. సుంకం కట్టిన సరుకు, కట్టని సరుకు ఒకే మార్కెట్లో పోటీ పడుతున్నాయి.