పాతిక మిల్లీసెకన్ల హద్దు

అరకు లోయలో థింసా ఆడే ఆడవాళ్లు ఒకరినొకరు వెనకనుంచి చేతులతో పెనవేసుకుని వరసకడతారు. డప్పు దెబ్బ వాళ్లందరికీ ఒకేసారి వినిపించదు. శబ్దం గాలిలో సెకనుకు 343 మీటర్లే పోతుంది. మీటరుకు సుమారు మూడు మిల్లీసెకన్లు. వాయిద్యాలకు పది మీటర్ల అవతల ఉన్న ఆఖరి మనిషికి దెబ్బ 30 మిల్లీసెకన్లు ఆలస్యంగా అందుతుంది. అయినా ఆమె అడుగు తప్పదు, పక్కమనిషి ఒంటి ఊపు చేతికి తెలుస్తూనే ఉంటుంది కదా. ఆ చెయ్యి లేనిచోట, అంటే ఇంటర్నెట్‌లో, ఏం చేయాలన్నదే ఈ కథ.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో క్రిస్ చేఫ్ అనే సెల్లో వాద్యకారుడు ఆలస్యాన్ని కొలిచి చూశాడు. ఇద్దరిని వేర్వేరు గదుల్లో ఉంచి, ఒకరి చప్పట్లు ఇంకొకరికి వినిపిస్తూ, మధ్యలో ఆలస్యాన్ని మారుస్తూ పోయాడు. 2004లో వెలువడిన ఫలితం తమాషాగా ఉంటుంది. ఆలస్యం 11.5 మిల్లీసెకన్లకు తగ్గితే ఇద్దరూ తెలియకుండానే లయను పరుగెత్తిస్తారు. పెరిగేకొద్దీ ఈడుస్తారు. పాతిక, ముప్ఫై దాటిందా, ఒకరికోసం ఒకరు ఆగుతూ పాటను నీరసపెట్టేస్తారు.

అంతకుముందే చేఫ్ బృందం నెట్‌వర్క్‌ను పరీక్షించే ఉపాయం ఒకటి కనిపెట్టింది. ఒక కంప్యూటర్ నుంచి చిన్న శబ్దం పంపడం, అవతలి కంప్యూటర్‌ను తాకి తిరిగి రాగానే మళ్లీ పంపడం. ఆపకుండా ఇలా తిప్పుతుంటే ఆ రానుపోను దారే మీటిన తీగై మోగుతుంది. తిరిగి రావడానికి 20 మిల్లీసెకన్లు పడితే సెకనుకు 50 కంపనాలు, లోతైన మంద్రం. 5 పడితే 200. దారి నిలకడగా ఉంటే స్వరం నిలబడుతుంది. రద్దీ పెరిగితే వణుకుతుంది. తంబురా బిరడా తిప్పుతూ చెవొగ్గినట్టు ఇంటర్నెట్ లైను బాగోగులు వినవచ్చన్నమాట. 2001లో చేఫ్ గ్రెగ్ నీమయర్ అనే కళాకారుడితో కలిసి దీన్నే ‘పింగ్’ పేరుతో శాన్ ఫ్రాన్సిస్కో ఆధునిక కళల మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టాడు. ఇంజనీర్లు అంకెల్లో వెతికే జబ్బును అపస్వరంగా పట్టుకోవడం సంగీతం తెలిసినవాడికే తోస్తుంది.

ఆ పరిశోధనలోంచే జాక్‌ట్రిప్ అనే ప్రోగ్రాం పుట్టింది. చేఫ్, హువాన్-పాబ్లో కాసెరెస్ కలిసి రాశారు. అది దేనికోసమూ ఆగదు. ధ్వనిని కుదించదు, కుదించడానికీ విప్పడానికీ సమయం పడుతుంది గనక. సెకనుకు 48,000 నమూనాల లెక్కన 128 పోగవగానే, అంటే 2.7 మిల్లీసెకన్లకే, పొట్లం కట్టి పంపేస్తుంది. దారిలో ఒకటి పోతే మళ్లీ అడగదు. జర్మనీలో ఫోల్కర్ ఫిషర్ 2006లో మొదలుపెట్టిన జామ్యులస్ అనే ప్రోగ్రాం ధ్వనిని కాస్త కుదించి, మామూలు ఇంటి లైన్ల మీద నడిచింది. 2020లో కోవిడ్ వచ్చాక రగాజీ అనే బాలల బృందగాన సంస్థ పిల్లలు ఎవరిళ్లలో వాళ్లుండి జాక్‌ట్రిప్ మీద కలిసి పాడారు. అందరివీ చుట్టుపక్కల ఊళ్లే కాబట్టి సాగింది.

ఫైబర్‌లో వెలుతురు వేగం సెకనుకు రెండు లక్షల కిలోమీటర్లు. అరకు నుంచి విశాఖకు రోడ్డున దాదాపు 115 కిలోమీటర్లు, వెలుతురుకు మిల్లీసెకను కూడా పట్టదు. కాలిఫోర్నియాలోని మిల్పిటాస్ 13 వేల కిలోమీటర్ల పైమాటే. సూటిగా తీగ లాగినా 65 మిల్లీసెకన్లు. దీన్ని తగ్గించే ప్రోగ్రాం ఎవరూ రాయలేరు. మిల్పిటాస్ పేరెత్తడానికి కారణముంది: కూచిపూడి, కర్ణాటక సంగీతం నేర్పే యూనివర్సిటీ ఆఫ్ సిలికానాంధ్ర అక్కడే ఉంది. ఖండాలు దాటే పాఠం అసలెలా సాగుతుంది? గురువు పాడి ఆపితే శిష్యురాలు అందుకోవడం మన పద్ధతి. ఆమె తానే తాళం వేసుకుంటూ పాడితే పాటా తాళమూ ఒకే ఆలస్యంతో వస్తాయి, తేడా తెలియదు. గురువు ఇక్కడ తాళం వేస్తూ ఆమెను అక్కడ పాడమంటేనే చిక్కు.

పాటలు వినిపించే విన్‌యాంప్ ప్రోగ్రాం సృష్టికర్త జస్టిన్ ఫ్రాంకెల్ 2005లో వేరే దారి తొక్కాడు. ఆలస్యాన్ని తగ్గించే బదులు పెంచాడు! ఆయన రాసిన నింజామ్‌లో అవతలివాళ్లు వాయించింది మీకు సరిగ్గా ఒక ఆవర్తనం తర్వాత వినిపిస్తుంది. ఆవర్తనంలోని దెబ్బలన్నీ పూర్తయి సమం మీదే పడుతుంది కాబట్టి తాళం తప్పదు. థింసాలో తుడుము, కిరిడి, డప్పు తిరగేసి తిరగేసి మోగించే వరసలకు ఇది అతికినట్టు సరిపోవాలి. కానీ డప్పు వరస మారిన క్షణంలోనే అడుగూ మారాలి. అక్కడ నింజామ్ చేతులెత్తేస్తుంది.

2023 జూన్‌లో ఆంధ్రప్రదేశ్‌లోని మారుమూల పల్లెలకు ఒకేసారి 100 4జీ టవర్లు ప్రారంభించారు, అందులో 85 అరకు ఉన్న అల్లూరి సీతారామరాజు జిల్లాలోనే. అయితే 4జీలో రానుపోనుకే పదుల మిల్లీసెకన్లు, అదీ కొండ మలుపుకో తీరు. చేఫ్ తీగను ఇక్కడ మోగిస్తే శ్రుతి నిలవదు. అందుకే నా ఓటు కలిసి వాయించే ప్రోగ్రాంలకు కాదు, ఒకరి తర్వాత ఒకరు రికార్డు చేసుకునే వాటికి. సింగపూర్‌లో పుట్టి 2024కల్లా 10 కోట్ల మందిని చేరిన బ్యాండ్‌ల్యాబ్ అలాంటిది, ఫోను చాలు. ఒకరు తుడుము రికార్డు చేసిపెడితే విశాఖలోనో డల్లాస్‌లోనో ఇంకొకరు దానిమీద తమ వాద్యం చేర్చవచ్చు. పేచీ వేరేచోట ఉంది. బ్యాండ్‌ల్యాబ్ తెరవగానే మెట్రోనోమ్ టిక్కు, నాలుగు దెబ్బల కొలత, పియానో పన్నెండు మెట్లు సిద్ధంగా ఉంటాయి. ఊదే మోరి ఆ మెట్లనే తొక్కాలని ఎక్కడుంది? టిక్కు ఆపేసి, స్వరాన్ని దిద్దే ఆటోపిచ్ జోలికి పోకుండా, ముందు తుడుమును పెట్టుకుని మిగతావి దానిమీద పేర్చుకోవడం నయం. ఐదు నిమిషాల ముడి స్టీరియో రికార్డింగు 58 ఎంబీ దాకా అవుతుంది. సిగ్నల్ బాగున్న చోటికి వెళ్లినప్పుడు ఎక్కించినా పాట చెడదు.