రాలిపోవు కణములు, ఎత్తివేయు కణములు

పది నిమిషముల రేడియో ప్రసంగ మొకటి ముగియులోపల మన ఒక్కొక్కరి దేహములో రమారమి 120 కోట్ల ఎఱ్ఱ రక్తకణములు వయస్సు తీరి తొలగింపబడుచున్నవి. ఎఱ్ఱకణమునకు ఆయుర్దాయము దాదాపు 120 దినములు. ఆ గడువు నిండినవి సెకనుకు సుమారు 20 లక్షల చొప్పున, ముఖ్యముగ ప్లీహమునందును కాలేయమునందును కాచుకొనియుండు భక్షక కణముల వాతబడుచున్నవి. వానిలోని ఇనుము వ్యర్థము గాక క్రొత్త కణముల నిర్మాణమునకు మరల వినియోగ మగుచున్నది. ఇంత జరుగుచున్నను మనకు నొప్పి లేదు, వాపు లేదు, జ్వరము లేదు. ఈ నిశ్శబ్దము ఎట్లు సాధ్యమగుచున్నదో, అది చెడినచో ఏమి వాటిల్లునో ఇచ్చట విచారింతము.

ఈ భక్షక కణములలో పెద్దవానికి మాక్రోఫేజులని పేరు. 1882లో ఇల్యా మెచ్నికాఫ్ అను రష్యా శాస్త్రజ్ఞుడు సిసిలీ ద్వీపమందలి మెసీనా నగరమున, గాజువలె పారదర్శకములైన నక్షత్రమత్స్యపు పిల్లల దేహములలో గులాబీ ముండ్లను గ్రుచ్చి, మరునాటి ఉదయమున పరీక్షించెను. సంచార కణములు ముల్లు చుట్టును మూగియుండెను. భక్షక కణముల సిద్ధాంతమునకు అదియే నాంది. 1908లో ఆయనకును పాల్ ఎర్లిక్‌నకును కలిపి నోబెల్ బహుమానము లభించినది.

బయటినుండి వచ్చిన క్రిమిని పట్టుకొనుట సరియే. తన ఇంటివారిలోనే మరణించుచున్నవారిని భక్షక కణము ఎట్లు గుర్తించును? దీనిని తెలిసికొనుటకు కణముల చావు రెండు విధములని ముందుగా గ్రహింపవలెను. నిప్పు సోకినపుడు, దెబ్బ తగిలినపుడు కణము పగిలి, లోని పదార్థములు చుట్టుప్రక్కల చిమ్మి, వాపు పుట్టును. రెండవది క్రమబద్ధమైన మరణము. కణము తానే ముడుచుకొని, పొర చెడకుండ చిన్న చిన్న మూటలుగ విడిపోవును. కెర్, వైలీ, కరీ అను మువ్వురు శాస్త్రజ్ఞులు 1972లో దీనికి అపాప్టోసిస్ అని నామకరణము చేసిరి. చెట్టునుండి ఆకులు రాలుటను తెలుపు గ్రీకు పద మది.

ఇట్లు రాలిపోవు కణము మొదట కబురు పంపును. కణములకు శక్తి నొసగు ఎ.టి.పి. అను పదార్థము దానినుండి కొంచెము వెలికి వచ్చును. లోపల నున్నంతకాలము అది ఇంధనము. వెలుపలికి వచ్చినచో భక్షక కణములకు పిలుపు. ఈ పదార్థమును భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి 1929లో కండరములనుండి వేరుపఱచిరి. ఆ సంవత్సరముననే జర్మనీలో కార్ల్ లోమన్ కూడ దీనిని కనుగొనెను. ఇది మరణవార్తను సైతము మోయునని తెలియుటకు మరి ఎనుబది యేండ్లు పట్టినది.

పిలుపు విని వచ్చిన భక్షక కణము ఇరుగుపొరుగున నున్న ఆరోగ్యవంతములైన కణములను ముట్టక, మరణించుదానినే పట్టుకొనవలెను. అందుకొక గుర్తు కలదు. అస్తరు వేసిన కోటువలె కణపు పొరకు లోవరుస, వెలివరుస అని రెండు వరుసలు కలవు. ఫాస్ఫాటిడైల్ సెరీన్ అను క్రొవ్వు పదార్థము సాధారణముగ లోవరుసయందే ఉండును. వెలికి జారినదానిని లోనికి చేర్చుటకు కణము నిరంతరము శ్రమించుచుండును. మరణము ఆరంభమైనంతనే ఆ శ్రమ ఆగును, అస్తరు బయటపడును. 1992లో వెలరీ ఫాడక్, ఆమె సహచరులు ఈ గుర్తును భక్షక కణములు కనిపెట్టునని నిరూపించిరి. జీవించియున్న కణములు తమ పొరపై సి.డి. 47 అను మాంసకృత్తును ధరించి “నన్ను ముట్టవలదు” అని తెలుపుచుండును. పలువిధములైన కాన్సరు కణములు దీనినే అధికముగ ధరించి భక్షకులను వంచించుచున్నవి.

ఈ పని ఎంత త్వరితముగ జరుగునో ఒక నిదర్శనము చూతము. రొమ్ముటెముక వెనుకనుండు థైమస్ గ్రంథిలో పెరుగు తెల్లకణములలో నూటికి 90కి పైగా అచ్చటనే మరణించును. అయినను సూక్ష్మదర్శినితో చూచినపుడు మృతకణములు బహు కొద్దిగ మాత్రమే కనిపించును. చచ్చినది చచ్చినట్లే ఎత్తివేయబడుచుండుటయే అందుకు కారణము. ఇంతేకాదు; మృతకణమును మ్రింగిన మాక్రోఫేజు వాపును శాంతింపజేయు పదార్థములను విడుచును. క్రిమిని మ్రింగినపుడు కయ్యమునకు కాలు దువ్వునదే, ఇచ్చట శాంతివచనము పలుకుచున్నది.

ఈ సేవ ఆలస్యమైనచో అపాయము తప్పదు. ఎత్తని మూట పగిలి, కేంద్రకములోని డి.ఎన్.ఏ. బయటపడును. దేహము దానిని పరాయిదిగ భ్రమించి, తనపై తానే ఆయుధ మెత్తును. లూపస్ అను వ్యాధికి ముఖ్య కారణములలో ఇది యొకటి. ఈ రోగులలో పదింట తొమ్మండుగురు స్త్రీలు. మృతకణములకు అంటుకొని భక్షకులకు తోడ్పడు సి1క్యూ అను మాంసకృత్తు పుట్టుకతో లోపించినవారిలో అధికసంఖ్యాకులకు లూపస్ వంటి వ్యాధి వచ్చును. హృదయమునకు రక్తము చేర్చు నాళములలో క్రొవ్వు పేరుకొనిన చోటులందును, ఎత్తని మృతకణములు గుట్టపడి ఆ పూతను బలహీనపఱచి, గుండెపోటుకు దారి తీయుచున్నవి.

లూపస్ రోగులను ఎండలో తిరుగవలదని వైద్యులు ఏల హెచ్చరింతురో ఇప్పుడు మనకు బోధపడును. ఎండలోని అతినీలలోహిత కిరణములు చర్మకణములను పెక్కింటిని ఒక్కమారుగ చంపును. ఎత్తువారు అసలే వెనుకబడియున్న దేహమునకు అది మోయరాని భారము. మన ఇంట అట్టి సోదరియో కుమార్తెయో ఉన్నచో, ఆమె నీడపట్టున నిలుచుటను సుకుమారమని పరిహసింపరాదు. గొడుగు పట్టి తోడు నడచుట మన విధి.