గురువారం కాగితం

సేవాక్లబ్బు లేని పట్టణం మన వైపు అరుదు. బస్టాండు పక్కన చలివేంద్రం మీద, ఆసుపత్రి ఆవరణలోని సిమెంటు బెంచీ మీద, బడి గోడ మీద ఎక్కడో ఒకచోట చక్రం గుర్తో, సింహం గుర్తో కనిపిస్తూనే ఉంటుంది. ఆ గుర్తుల వెనక వారం వారం ఏం జరుగుతుందో మాత్రం చాలామందికి తెలియదు. కోటు వేసుకున్న పెద్దమనుషులు హోటల్లో కూర్చుని టీ తాగుతారని ఒక అభిప్రాయం ఉంది. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ అంతే కాదు.

ఈ సంగతి రాయడానికి కారణం మా అటక మీది రేకు పెట్టె. బరంపురంలో మా పాత ఇంటికి సున్నం వేయిస్తూ మొన్న దాన్ని దించాం. నిండా సైక్లోస్టైల్ కాగితాలు. మా నాన్నగారు తమ క్లబ్బు వారపత్రికకు చాలాకాలం సంపాదకులుగా ఉన్నారు. సంపాదకులంటే రాసేదీ ఆయనే, టైపు కొట్టేదీ ఆయనే, బుక్ పోస్టు బిళ్లలు అంటించేదీ ఆయనే. క్లబ్బు సమావేశం గురువారం జరిగేది కనుక మా ఇంట్లో దాని పేరు ‘గురువారం కాగితం’. “పాతకాగితాల వాడికి ఇచ్చెయ్యమ్మా” అన్నాడు మా అబ్బాయి. ఇచ్చే ముందు ఒకసారి చూద్దామని కూర్చున్నాను. సాయంత్రం దీపం పెట్టే వేళ దాకా లేవలేదు.

వారం వారం ఎందుకు?

ఈ తరహా క్లబ్బుల కథ 1905లో అమెరికాలోని షికాగో నగరంలో మొదలైంది. పాల్ హారిస్ అనే న్యాయవాది పల్లెటూళ్లో పెరిగి ఆ మహానగరానికి వచ్చాడు. పని దొరికింది గానీ పలకరించే మనిషి దొరకలేదు. ఆ ఏడాది ఫిబ్రవరి 23న మరో ముగ్గురితో కలిసి కూర్చున్నాడు. ఒకరి తర్వాత ఒకరి కార్యాలయంలో, వంతులవారీగా తిరుగుతూ కలిసేవారు కనుక ‘రోటరీ’ అన్న పేరు వచ్చింది. 1917లో అదే నగరంలో మెల్విన్ జోన్స్ చొరవతో లయన్స్ క్లబ్బులు పుట్టాయి. 1925లో హెలెన్ కెల్లర్ వారి మహాసభకు వచ్చి అంధుల పక్షాన నిలబడమని కోరింది. నేటికీ లయన్స్ పేరు చెబితే కంటి వైద్య శిబిరం గుర్తుకు రావడానికి మూలం అదే. మన దేశంలో 1920 నాటికే కలకత్తాలో రోటరీ క్లబ్బు నడుస్తోంది. ఆ నగరానికే చెందిన నితీశ్ లహరి 1962లో రోటరీ అంతర్జాతీయ అధ్యక్షులయ్యారు.

పొట్ట చేతబట్టుకుని ఊరుగాని ఊరు వెళ్లినవాడికి పాల్ హారిస్ బాధ వేరే చెప్పక్కర్లేదు. మన తెలుగు సంఘాలన్నీ అలా పుట్టినవే కదా! ఆ మాటకొస్తే బరంపురం తెలుగువారు ఎక్కడికీ వలస వెళ్లలేదు. గంజాం అంతవరకూ మద్రాసు రాజధానిలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినప్పుడు సరిహద్దు గీతే మమ్మల్ని దాటి వెళ్లింది. ఏమైతేనేం, పలకరింపు కోసం కలవడం, కలిశాక ఊరికే కూర్చోలేక ఏదో ఒకటి చేయడం, ఇదే వీటన్నిటికీ పునాది.

కాగితంలో ఏముండేది?

బుధవారం రాత్రి భోజనాలయ్యాక నాన్నగారు టైపు మిషను ముందు కూర్చునేవారు. మైనపు స్టెన్సిలు మీద అక్షరం తప్పు పడితే గోళ్లరంగులాంటి ఎర్ర ద్రవం పూసి, ఆరాక మళ్లీ కొట్టాలి. ఆ పూసే పని నాది. రోలరు తిప్పే పని అన్నయ్యది. చేతుల సిరా మర్నాడు బడిలోనూ పోయేది కాదు.

ఒకే కాగితం, రెండు వైపులు. మొదట పోయినవారం ఉపన్యాసం సారాంశం. తర్వాత హాజరు పట్టీ. ఈ హాజరు మీద ఆ రోజుల్లో పట్టింపు ఎక్కువ. వారం తప్పితే రెండు వారాల లోపల మరో ఊరి క్లబ్బులోనైనా కూర్చుని లెక్క సరిచేసుకోవాలి. విజయనగరంలో మా పిన్ని పెళ్లికి వెళ్లినప్పుడు ముహూర్తం అయీ కాగానే నాన్నగారు కనబడలేదు. అక్కడి క్లబ్బుకు వెళ్లి హాజరు చీటీ తెచ్చుకున్నారు! అమ్మ ఆ మాట పదేళ్లు దెప్పింది.

ఆలస్యంగా వచ్చినవారికీ, పెళ్లిరోజు మరచినవారికీ సరదా జరిమానాలు. ఆ చిల్లర బడిపిల్లల పుస్తకాలకు వెళ్లేది. అట్టడుగున ఎప్పుడూ మారని రెండు వరుసలు ఉండేవి: సభ్యుల పేర్లు, వారి రక్తం గ్రూపులు. డబ్బు తీసుకుని రక్తం అమ్మేవారు ఆసుపత్రుల చుట్టూ తిరిగే రోజులవి. సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పుతో 1998 జనవరి నుంచి ఆ అమ్మకం నిషిద్ధమైంది. అంతకు ముందు ఆ రెండు వరుసల కోసం అర్ధరాత్రి మా తలుపు తట్టినవారు ఎందరో. కులం, భాష అడిగినవారు లేరు. గ్రూపు అడిగేవారు.

బీరువాలో కళ్లజోళ్లు

ఆ కట్టలో ఒక కాగితం దగ్గర నా చేయి ఆగిపోయింది. 1984 చలికాలం నాటిది. బడిగదుల్లో బల్లలు తీసి, వరుసగా పడకలు వేసి కంటి శిబిరం జరిపిన వారం. ఎన్ని ఆపరేషన్లు అయ్యాయో ఆ అంకెను పెద్ద అక్షరాలతో, చుట్టూ చుక్కల గీతతో అచ్చువేశారు.

అప్పటి శుక్లం ఆపరేషన్లో కంటిలోని కటకాన్ని తీసేయడమే తప్ప, దాని స్థానంలో ఇప్పటిలా కృత్రిమ కటకం అమర్చడం మామూలు శిబిరాల్లో లేదు. గాయం మానాక, సుమారు ఆరు వారాలకు, సోడాబుడ్డి కళ్లద్దాలు ఇవ్వాలి. అవి లేకపోతే కోసిన కన్ను కోయని కన్నుతో సమానం. వెలుతురు తెలుస్తుంది గానీ మనిషి ముఖం తెలియదు.

మర్నాటి వేసవిలో ఒక మధ్యాహ్నం పట్టు నేసే వీధి నుంచి ఒక మామ్మ మనవడి భుజం పట్టుకుని మా వీధి అరుగు మీదికి వచ్చింది.

“బాబూ, కన్ను కోసినారు. జోడు ఇస్తామన్నారు. ఎప్పుడిస్తారేటి?” అంది.

“ఇచ్చేశాం కదా మామ్మా! సంక్రాంతి వెళ్లాక అందర్నీ రమ్మని కబురు పెట్టాం” అన్నారు నాన్నగారు.

“ఎవులికి పెట్టినారు బాబూ? మాకు రానేదు.”

కబురు వెళ్లిన మాట నిజమే. ఒరియాలో కరపత్రం, ఇంగ్లీషులో వారపత్రిక. ఆ వీధిలో ముసలివాళ్లు మాట్లాడేది తెలుగు. చదవడం ఏ భాషలోనూ రాదు. నాన్నగారు వెళ్లి క్లబ్బు బీరువా తీయిస్తే పదకొండు జతల కళ్లజోళ్లు కాగితం చుట్టలు విప్పకుండా ఉన్నాయి. అంటే పదకొండు మంది, మా పత్రిక లెక్కలో చూపు వచ్చినవాళ్లు, నాలుగు నెలలుగా తడుముకుంటూ తిరుగుతున్నారు.

ఆ రాత్రి ఆయన అన్నం సరిగ్గా తినలేదు. “అంకె వేసింది నేనే కదా” అని ఒక్క మాట అన్నారు. మర్నాడు జాబితా పట్టుకుని సైకిలు మీద వీధి వీధి తిరిగారు. తొమ్మిది మంది దొరికారు. ఒకరు కాలం చేశారు. ఒకరు ఊరు విడిచి వెళ్లారు.

తర్వాతి గురువారం కాగితంలో ఆ సంగతంతా దాచకుండా వేశారు. ఇంటి గుట్టు వీధిన పెట్టారని కొందరు సభ్యులు కోపగించారు. కానీ ఆ వారం నుంచి ఒక కొత్త శీర్షిక మొదలైంది: ‘మొదలుపెట్టినది ఏమైంది?’ ఏ పని మొదలెట్టినా అది ముగిసే దాకా, ఏ దశలో ఉందో ప్రతి వారం ఒక వాక్యం. శిబిరం కబురు మూడు భాషల్లో, రిక్షాకు మైకు కట్టి చెప్పించడం కూడా అప్పుడే మొదలైంది. తెలుగులో చెప్పే గొంతు మా అన్నయ్యది.

రెండు చుక్కలు

ఒకే వాక్యం వారం తర్వాత వారం రాస్తూ పోతే ఏమవుతుందో పోలియో కథ చెబుతుంది. రోటరీ సంస్థ 1985లో ఆ వ్యాధి నిర్మూలనకు పూనుకుంది. 1995 డిసెంబరులో మన దేశంలో పల్స్ పోలియో రోజులు వచ్చాయి. ప్రభుత్వం మందు, సిబ్బంది సమకూర్చింది. ఐసు పెట్టె మోయడం, పందిరి వేయడం, వీధిలోకి వెళ్లి తల్లులను పిలుచుకురావడం వంటి పనుల్లో క్లబ్బులవారు, కాలేజీ పిల్లలు, మహిళా సంఘాలు చేయి కలిపాయి. మందు చల్లగా ఉండాలి. వేడి తగిలితే పనికిరాదు. చుక్కలు వేసిన బిడ్డ ఎడమచేతి చిటికెన గోటిపై సిరా గుర్తు పెట్టేవారు.

ఏళ్ల తరబడి ఇదే పని. “ఇంకా ఎన్నాళ్లండీ ఈ చుక్కలు?” అని విసుక్కున్న ఇళ్లూ ఉన్నాయి. 2009లో సైతం దేశంలో 741 కేసులు వచ్చాయి. 2010లో 42. చివరి కేసు 2011 జనవరి 13న, హౌరా జిల్లాలో ఒక పసిపాప. 2014 మార్చి 27న మన దేశానికి పోలియో రహితమని ధ్రువీకరణ వచ్చింది. ఆ రోజు పేపర్లలో పెద్దల ఫొటోలు పడ్డాయి. ఐసు పెట్టెలు మోసినవారి పేర్లు ఇలాంటి సైక్లోస్టైల్ కాగితాల్లోనే మిగిలాయి.

అమ్మ పేరు లేని పట్టీ

ఈ కాగితాల్లో ఒక లోటు కూడా కనిపించింది. శిబిరంలో రోగులకు వంట చేసింది అమ్మ, ఆవిడ స్నేహితురాళ్లు. హాజరు పట్టీలో వారి పేర్లు లేవు. ‘స్త్రీలు సహకరించారు’ అని ఒక ముక్క, అంతే. ప్రపంచమంతా అప్పటి పద్ధతి అదే. 1987లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక, 1989లో రోటరీ తన నిబంధన మార్చి స్త్రీలను సభ్యులుగా చేర్చుకోవడానికి దారి తీసింది. 2022లో జెన్నిఫర్ జోన్స్ ఆ సంస్థకు తొలి మహిళా అధ్యక్షురాలు అయ్యారు. అమ్మ ఇది వింటే “అధ్యక్షురాలు సరే, ఆ రోజు పప్పులో ఉప్పు ఎవరు చూశారో రాయమను” అనేది.

తుపాను వారం

కట్టలో చివరి కాగితాల్లో ఒకటి టైపు చేసినది కాదు, చేతిరాత. 1999 అక్టోబరు 17న గోపాలపురం దగ్గర తుపాను తీరం దాటింది. కరెంటు లేదు. స్టెన్సిలు తడిసిపోయింది. నాన్నగారు కార్బన్ కాగితాలు పెట్టి, కొవ్వొత్తి వెలుగులో అర కాగితం రాశారు: ఎవరింట్లో కిరసనాయిలు ఉంది, ఎవరి బావి నీరు బాగుంది, ఏ వీధిలో కప్పులు ఎగిరిపోయాయి. ఉపన్యాసం లేదు, హాజరు లేదు. అడుగున ఆ రెండు వరుసల రక్తం గ్రూపులు మాత్రం ఉన్నాయి. పన్నెండు రోజులకే, అక్టోబరు 29న, పారాదీప్ వైపు మహా తుపాను వచ్చింది. తమ ఇళ్లు బాగుచేసుకోకుండానే మా వాళ్లు అక్కడికి బట్టలు, బియ్యం మూటలు కట్టారు.

మనం ఏం చేద్దాం?

ఇప్పుడు వారపత్రికలు తగ్గాయి. వారం వారం కలవాలన్న పట్టింపు కూడా సడలింది. రోటరీలో 2016 నుంచి నెలకు రెండుసార్లు కలిస్తే చాలునన్న వెసులుబాటు వచ్చింది. కబుర్లు సెల్‌ఫోన్లలో క్షణంలో చేరుతున్నాయి. మంచిదే. కానీ క్షణంలో వచ్చినది క్షణంలో పోతుంది కూడా. పదకొండు జతల కళ్లజోళ్లు ఇంకా బీరువాలోనే ఉన్నాయని గుర్తుచేసే కాగితం ఒకటి ఉండాలి కదా!

మన తెలుగు సంఘాలు ఉగాదికి, సంక్రాంతికి కలుస్తాయి. మధ్యలో ఏమవుతున్నదో చాలా ఊళ్లలో ఎవరూ రాయరు. ఖర్చు లేని పని ఇది. ఒకే పుట చాలు. ఈ నెల ఏం చేశాం, పోయిన నెల మొదలుపెట్టినది ఏమైంది, ఎవరు చేశారు, వండినవారి పేర్లతో సహా. ఒంటరిగా ఉంటున్న పెద్దవారు ఎవరు, వారిని ఎవరు చూసి వచ్చారు. అడుగున రక్తం గ్రూపులు. ఆరోగ్యంగా ఉండి, పద్దెనిమిదేళ్లు నిండి, 45 కిలోల బరువున్నవారు రక్తం ఇవ్వవచ్చు. మగవారు మూడు నెలలకు, ఆడవారు నాలుగు నెలలకు ఒకసారి. చదవలేని పెద్దలకు ఆ పుట పిల్లల చేత చదివించండి. పిల్లలకు తెలుగు వస్తుంది, పెద్దలకు కబురు అందుతుంది.

రేకు పెట్టె సంగతి చెప్పలేదు కదూ! పాతకాగితాల వాణ్ని పంపేశాం. అంతకు ముందు మా అబ్బాయి కట్టలోంచి ఒక కాగితం తీసి చూస్తున్నాడు. “అమ్మా, ఇక్కడ తాతగారి రక్తం గ్రూపు ఉంది. నాదీ అదే” అన్నాడు. మర్నాడు వెళ్లి తన పేరు రాయించుకుని వచ్చాడు.