నడిచే హక్కు, నమ్మే హక్కు

తెలంగాణ పల్లెల్లో తరతరాలుగా దళితుడి నడక విహారం కాదు, వెట్టి. దొరల జాబులను, సర్కారు కాగితాలను ఊరి నుంచి ఊరికి మోసినవి మాల, మాదిగల కాళ్లే. గడీ ముందుకు వచ్చేసరికి ఆ కాళ్ల చెప్పులు చేతిలోకి రావలసిందే. 1924లో వైకోం సత్యాగ్రహం జరిగింది గుడి ప్రవేశం కోసం కాదు, గుడి చుట్టూ ఉన్న వీధుల్లో నడవడం కోసం. 1927లో మహాడ్‌లో అంబేడ్కర్ తన జనాన్ని చవదార్ చెరువు దాకా నడిపించింది అందరిలా నీళ్లు తాగే హక్కు కోసం. ఎవరు ఏ బాటన నడవాలో కులం నిర్ణయించిన దేశంలో, దళితులు కేవలం చూడడానికీ తెలుసుకోవడానికీ నడవడం చిన్న సంగతి కాదు.

గోదావరిఖనిలో మా చర్చి సభ్యులం కొందరం సెలవు రోజుల్లో అలా నడుస్తుంటాం. గని నుంచి విశ్రాంతి పొందిన కార్మికులు, గృహిణులు, డిగ్రీ చదివే పిల్లలు అందులో ఉంటారు. ఈసారి పెద్దపల్లి జిల్లా ధూళికట్టకు వెళ్లాం. శాతవాహనుల నాటి మట్టికోట ఆనవాళ్లు, బౌద్ధ స్తూపం ఉన్న చోటు అది. ముచిలింద నాగరాజు పడగ విప్పిన శిల్పఫలకం అక్కడే దొరికింది. పొలాల మధ్య నడుస్తుండగా ఒక పెద్దాయన, 'మా నాయిన గిట్ల ఊర్లకు ఊర్లు నడిచిండు బిడ్డా. పనికే నడిచిండు గని, చూసేతందుకు ఎన్నడు నడువలే' అన్నాడు.

స్తూపం దగ్గర ఒక విద్యార్థిని ఆయననే అడిగింది: 'తాతా, మనోళ్లు బౌద్ధంలకు పోతే ఎస్సీలే అంటరు. చర్చికి వస్తే కాదంటరు. ఎందుకు?'

దానికి జవాబు 1950 ఆగస్టు 10న వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు మూడవ పేరాలో ఉంది. మొదట అది హిందువులను మాత్రమే షెడ్యూల్డ్ కులాలుగా గుర్తించింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటనే మిగిలారు. తెలంగాణలో దళిత క్రైస్తవుల చోటు బీసీ-సీలో, ఒక్క శాతం వాటాలో.

క్రైస్తవంలో కులం లేదు కదా అన్నది పాత వాదన. సిద్ధాంతమే కొలబద్ద అయితే, కులాన్ని నిరాకరించిన సిక్కు, బౌద్ధ మతాలకూ ఆ సవరణలు జరిగి ఉండకూడదు. జరగడం న్యాయమే, ఎందుకంటే అంటరానితనం మనిషి విశ్వాసాన్ని కాదు, వాడను అడుగుతుంది. మా చర్చిలూ నిర్దోషులు కావు. ఒకే రొట్టె పంచుకున్నవారు పెళ్లి సంబంధం దగ్గర మాలా మాదిగా అని విడిపోవడం మనకు తెలియనిది కాదు.

ధూళికట్ట లాంటి స్తూపాల చరిత్రలో ఒక చర్మకారుడి పేరుంది. దాదాపు రెండు వేల ఏళ్ల కిందట అమరావతి స్తూపానికి పూర్ణఘటం చెక్కిన ఫలకాన్ని దానం చేసిన విధికుడు తన వృత్తిని దాచుకోకుండా శాసనంలో చమ్మకారుడనే రాయించుకున్నాడు. మన కాలపు మరో చర్మకారుడు సూసై. మద్రాసు రోడ్డు పక్కన చెప్పులు కుట్టిన ఆది ద్రావిడుడు. అదే పని చేసే హిందూ ఎస్సీలకు ప్రభుత్వం ఉచితంగా బంకులిస్తే, క్రైస్తవుడైనందుకు ఆయనకు దక్కలేదు. మతం మారాక కూడా వివక్ష అంతే తీవ్రంగా కొనసాగుతోందని రుజువు కాలేదంటూ సుప్రీంకోర్టు 1985లో ఆయన పిటిషన్‌ను కొట్టివేసింది. రోడ్డు పక్కన కూర్చున్నవాడే తన అవమానానికి కొలతలు తేవలసి వచ్చింది.

బొగ్గు పొరలోకి దిగినవాళ్లందరి ఒంటిరంగూ ఒక్కటే. పైకి వచ్చాక సర్టిఫికెట్ వేరు చేస్తుంది. అందుకే మా పిల్లలకు బాప్తిస్మం పేరొకటి, బడి పేరొకటి. కేవలం రిజర్వేషన్ కోసం, విశ్వాసం లేకుండా హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ విశ్వాసాన్నో, హక్కునో ఏదో ఒకటి దాచుకోక తప్పని స్థితిని కల్పించింది ఎవరు?

మతంతో ఎస్సీ హోదాను ముడిపెట్టవద్దని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే సిఫార్సు చేసింది. 2022లో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ నాయకత్వంలో మరో కమిషన్ వేసింది. ఉన్న వాటాలోకి కొత్తవారు వస్తే తమకు తగ్గుతుందన్న హిందూ దళితుల భయం సహేతుకమైనదే. దానికి విరుగుడు జనాభా మేరకు వాటాను పెంచడమే తప్ప, అదే వాడలోని సగం ఇళ్లను లెక్క నుంచి తుడిచివేయడం కాదు. 341వ అధికరణ కింద పార్లమెంటు ఒక్క చట్టంతో మూడవ పేరాను తొలగించవచ్చు. ధూళికట్టలో ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పవలసింది ఆ సభే.