బిలాస్‌పూర్‌కు బదిలీ: చిన్న పిల్లలున్న కుటుంబం నివాసాన్ని ఎలా ఎంచుకోవాలి?

బదిలీ ఉత్తర్వు చేతికి అందిన నాటి నుంచి కొత్త చోట విధుల్లో చేరే వరకు ఉద్యోగికి లభించే వ్యవధి సాధారణంగా కొద్ది రోజులే. ఆ రోజుల్లోనే సామాను సర్దాలి, పిల్లల బడి పత్రాలు తీసుకోవాలి, వంటగ్యాసు కనెక్షన్ మార్చుకోవాలి. ఈ హడావిడిలో అన్నిటికంటే ఎక్కువ కాలం ప్రభావం చూపే నిర్ణయమే తరచుగా అన్నిటికంటే తక్కువ ఆలోచనతో జరిగిపోతుంది. అది కుటుంబం ఎక్కడ నివసించాలన్న నిర్ణయం. తెలిసినవారు చూపిన మొదటి ఇంటికి అడ్వాన్సు చెల్లించి, ఏడాది పొడవునా ఇబ్బంది పడే కుటుంబాలు ఎన్నో ఉంటాయి. ఇంట్లో ఐదారేళ్ల లోపు పిల్లలుంటే ఆ ఇబ్బంది రెట్టింపవుతుంది.

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ ఇందుకు మంచి ఉదాహరణ. ఉత్తరాంధ్ర కుటుంబాలకు ఈ పేరు కొత్తది కాదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే బిలాస్‌పూర్ మీదుగా ప్రధాన మార్గం నిర్మించింది. అదే సంస్థ ఆధ్వర్యంలో వాల్తేరు ప్రాంతం కూడా ఉండేది. 1931లో రాయపూర్–విజయనగరం మార్గం పూర్తయ్యాక రాకపోకలు మరింత సులువయ్యాయి. స్వాతంత్ర్యానంతరం 1955 నుంచి 2003 వరకు వాల్తేరు, బిలాస్‌పూర్ డివిజన్లు రెండూ ఆగ్నేయ రైల్వేలోనే కొనసాగాయి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల నుంచి రైల్వే కొలువులకు వెళ్లినవారు తరతరాలుగా అక్కడ స్థిరపడటానికి ఈ చరిత్రే కారణం. 2003 ఏప్రిల్‌లో బిలాస్‌పూర్ కేంద్రంగా ఆగ్నేయ మధ్య రైల్వే జోన్ ఏర్పడింది. బిలాస్‌పూర్, రాయపూర్, నాగ్‌పూర్ డివిజన్లు దాని పరిధిలో ఉన్నాయి.

నేడు ఈ నగరానికి ఉద్యోగులను రప్పించేది రైల్వే ఒక్కటే కాదు. బొగ్గు ఉత్పత్తి సంస్థ ఎస్‌ఈసీఎల్ ప్రధాన కార్యాలయం ఇక్కడే ఉంది. సుమారు 20 కిలోమీటర్ల దూరంలో సీపత్ వద్ద 2,980 మెగావాట్ల ఎన్‌టీపీసీ విద్యుత్ కేంద్రం ఉంది. 2000 నవంబరు 1న రాష్ట్రం ఏర్పడినప్పుడు హైకోర్టు బిలాస్‌పూర్‌కు దక్కింది. కోనీలోని గురు ఘాసీదాస్ విశ్వవిద్యాలయం 2009లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. ఈ కార్యాలయాలు నగరానికి వేర్వేరు దిక్కుల్లో ఉన్నాయి. కాబట్టి ‘బిలాస్‌పూర్‌లో ఏ పేట మంచిది?’ అన్న ప్రశ్నకు అందరికీ సరిపోయే సమాధానం ఉండదు. ఎవరు, ఏ వేళలో, ఎక్కడికి వెళ్లాలన్న దానిపైనే ఎంపిక ఆధారపడుతుంది.

మూడు మార్గాలు

బిలాస్‌పూర్‌కు బదిలీ అయిన రైల్వే ఉద్యోగి ముందు ప్రధానంగా మూడు మార్గాలుంటాయి. మొదటిది రైల్వే కాలనీలో క్వార్టర్. రెండవది రాజ్‌కిశోర్ నగర్ వంటి నివాస ప్రాంతంలో అద్దె ఇల్లు. మూడవది కుటుంబాన్ని స్వస్థలంలోనే ఉంచి తాను ఒంటరిగా వెళ్లడం.

క్వార్టర్ వల్ల ప్రయోజనాలు స్పష్టమైనవి. స్టేషను, కార్యాలయాలు, రైల్వే ఆసుపత్రి, బుధ్‌వారీ బజార్ దగ్గరలో ఉంటాయి. ఇరుగుపొరుగు వారు కూడా ఇదే ఉద్యోగ జీవితం గడుపుతున్నవారు కావడంతో వేళకాని వేళ డ్యూటీ అంటే ఏమిటో వారికి వివరించనక్కర లేదు. అయితే క్వార్టర్ హోదాను, వరుస క్రమాన్ని బట్టి కేటాయిస్తారు. కోరిన వెంటనే దొరకకపోవచ్చు. దొరికినది పాతదై, మరమ్మతులు అవసరమైనదై ఉండవచ్చు. పైగా క్వార్టర్ తీసుకున్న ఉద్యోగికి ఇంటి అద్దె భత్యం రాదు. నగరాలను జనాభాను బట్టి ఎక్స్, వై, జడ్ తరగతులుగా విభజించారు. కరవు భత్యం 50 శాతానికి చేరిన తరువాత ఇంటి అద్దె భత్యం మూల వేతనంలో వరుసగా 30, 20, 10 శాతంగా ఉంది. పెద్ద నగరం నుంచి చిన్న నగరానికి బదిలీ అయినవారికి ఈ భత్యం తగ్గుతుంది. ఈ సంగతి ముందే లెక్కలోకి తీసుకోకపోతే మొదటి నెల జీతంలోనే కొరత కనిపిస్తుంది.

రాజ్‌కిశోర్ నగర్ నగరంలో సీపత్ రోడ్డు వైపు విస్తరించిన నివాస ప్రాంతాల్లో ఒకటి. ఎస్‌ఈసీఎల్ ప్రధాన కార్యాలయం, అపోలో ఆసుపత్రి ఇదే దిశలో ఉన్నాయి. సీపత్ విద్యుత్ కేంద్రానికి వెళ్లే ఉద్యోగికి ఈ రోడ్డు సహజమైన దారి. రైల్వే ఉద్యోగికి మాత్రం లెక్క మారుతుంది. రైల్వే ప్రాంతానికి, ఈ పేటకు మధ్య అర్పా నది ఉంది. పటంలో దగ్గరగా కనిపించే దూరమైనా వంతెన మీదుగానే దాటాలి. ఉదయం బడుల వేళ, సాయంత్రం కార్యాలయాలు వదిలే వేళ వంతెనల వద్ద పట్టే సమయమే అసలైన దూరం.

సమయానికి కూడా వెల ఉంది

ఈ విషయాన్ని ఒక ఊహాత్మక లెక్కతో అర్థం చేసుకోవచ్చు. దూరంగా ఉన్న ఇంటికి నెలకు 4,000 రూపాయలు అద్దె తక్కువ అనుకుందాం. అక్కడి నుంచి కార్యాలయానికి ఒక్కో దిశలో 20 నిమిషాలు అదనంగా పడితే రోజుకు 40 నిమిషాలు, నెలకు 25 పనిదినాలకు 1,000 నిమిషాలు అవుతాయి. అంటే 16 గంటల 40 నిమిషాలు. ఆదా అయిన సొమ్ము గంటకు 240 రూపాయలు చొప్పున తేలుతుంది. అందులోంచి పెట్రోలు ఖర్చు తీసివేయాలి. మిగిలిన సొమ్ము కోసం పిల్లవాడు మేలుకొని ఉండే సాయంత్రపు గంటలను వదులుకోవచ్చా లేదా అన్నది దంపతులిద్దరూ కలిసి తేల్చుకోవలసిన విషయం.

ఆర్థికవేత్తలు బ్రూనో ఫ్రే, అలోయిస్ స్టుట్‌జర్ జర్మనీ కుటుంబాల సమాచారాన్ని పరిశీలించి 2008లో ఒక అధ్యయనం ప్రచురించారు. రోజువారీ ప్రయాణం ఎక్కువైనవారిలో జీవిత సంతృప్తి తక్కువగా ఉందని, మంచి ఇల్లు గాని మంచి జీతం గాని ఆ లోటును పూర్తిగా పూడ్చలేదని అందులో తేలింది. ఇల్లు చూసేటప్పుడు గదుల సంఖ్య కంటికి కనిపిస్తుంది, ప్రయాణపు అలసట కనిపించదు. అందుకే చాలామంది మొదటిదానికి ఎక్కువ, రెండవదానికి తక్కువ విలువ కడతారు.

రాత్రి డ్యూటీ, ఇంట్లో ఉండే మనిషి

లోకో పైలట్లు, ట్రైన్ మేనేజర్ల వంటి రన్నింగ్ సిబ్బందికి నిర్ణీత వేళలు ఉండవు. అర్ధరాత్రి కబురు వచ్చినా బయలుదేరాలి. ఒక్కోసారి మరునాడు గాని ఇల్లు చేరరు. అటువంటి ఇంట్లో పసిబిడ్డతో ఒంటరిగా మిగిలేది సాధారణంగా భార్య. భాష కొత్త, మనుషులు కొత్త. రాత్రి రెండు గంటలకు బిడ్డకు జ్వరం వస్తే ఎవరి తలుపు తట్టాలి? ఇంటిని ఎంచుకునే ముందు అడగవలసిన ప్రశ్నల్లో ఇది ముఖ్యమైనది. రన్నింగ్ సిబ్బంది కుటుంబానికి కొంచెం ఇరుకైన క్వార్టర్ అయినా, పిలిస్తే పలికే పొరుగు ఉన్నచోటు మేలు కావచ్చు. పగటి వేళ కార్యాలయ ఉద్యోగం చేసేవారికి, లేదా దంపతులిద్దరూ వేర్వేరు సంస్థల్లో పనిచేసేవారికి నది ఆవలి విశాలమైన అద్దె ఇల్లు అనుకూలించవచ్చు.

భార్య ఉద్యోగం మానుకోవలసి వస్తుందా అన్నది కూడా ఖర్చుల పట్టికలో చేరవలసిన అంశమే. దంపతులిద్దరూ ప్రభుత్వోద్యోగులైతే వీలైనంత వరకు ఒకే చోట నియమించాలని కేంద్ర సిబ్బంది శాఖ 2009 సెప్టెంబరు 30న ఆదేశాలు జారీ చేసింది. ప్రసూతి ప్రయోజన చట్టానికి 2017లో జరిగిన సవరణ 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు శిశు సంరక్షణ కేంద్రం నడపాలని నిర్దేశించింది. ఈ సదుపాయం వాస్తవంగా ఉన్నదీ లేనిదీ వెళ్లి చూసి తెలుసుకోవడం మంచిది.

బడి, భాష

కేంద్రీయ విద్యాలయాల్లో ప్రవేశానికి బదిలీ అయ్యే కేంద్ర ప్రభుత్వోద్యోగుల పిల్లలకు ప్రాధాన్యం ఉంటుంది. ఒకటవ తరగతిలో చేరాలంటే ఆ సంవత్సరం మార్చి 31 నాటికి పిల్లలకు ఆరేళ్లు నిండాలి. స్వస్థలంలో ఐదేళ్లకే ఒకటవ తరగతి మొదలుపెట్టిన పిల్లలకు ఇక్కడ ఒక ఏడాది తేడా రావచ్చు. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రైవేటు బడుల్లో ప్రవేశ తరగతి స్థానాల్లో 25 శాతం బలహీన, ప్రతికూల వర్గాల పిల్లలకు కేటాయించాలి. ఆ స్థానాలు పరిసర ప్రాంతాల వారికే ఉద్దేశించినవి. కాంట్రాక్టు పనులపై వచ్చే అల్పాదాయ కుటుంబాలకు ఏ పేటలో ఉంటున్నారన్నదే బడిని నిర్ణయించే అంశం కావచ్చు.

భాష విషయంలో తల్లిదండ్రుల ఆందోళన సహజం. బిలాస్‌పూర్‌లో బడిలోను, బజారులోను హిందీ, ఛత్తీస్‌గఢీ వినిపిస్తాయి. చిన్న పిల్లలు ఆటల్లోనే వాటిని పట్టుకుంటారు. తెలుగు మాత్రం ఇంట్లో ప్రయత్నపూర్వకంగా నిలుపుకోవలసినదే. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సదుపాయాలు కల్పించేందుకు రాష్ట్రాలు కృషి చేయాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం చెబుతోంది. ఆచరణలో అది అన్నిచోట్లా అందదు. తెలుగు మాట్లాడే కుటుంబాలు దగ్గరలో ఉన్న పేట అయితే ఆ భారం కొంత తగ్గుతుంది.

పిల్లల వయసును బట్టి

కుటుంబం మారడానికి పిల్లల వయసుతో ఉన్న సంబంధంపై విస్తృతమైన పరిశోధన అమెరికాలో జరిగింది. 1994–98 మధ్య అక్కడి ప్రభుత్వం ఐదు పెద్ద నగరాల్లో పేదరికం తక్కువగా ఉన్న ప్రాంతాలకు మారే అవకాశాన్ని కొన్ని కుటుంబాలకు లాటరీ ద్వారా కల్పించింది. ఆ పిల్లలు పెద్దవారయ్యాక రాజ్ చెట్టి, నథానియల్ హెండ్రెన్, లారెన్స్ కాట్జ్ వారి ఆదాయాలను పరిశీలించారు. 13 ఏళ్లు నిండకముందే మారిన పిల్లలు ఇరవైలలోకి వచ్చాక సుమారు 31 శాతం ఎక్కువ సంపాదించినట్లు 2016లో వెల్లడించారు. ఆ వయసు దాటాక మారిన పిల్లల్లో అటువంటి మేలు కనిపించలేదు. అమెరికా పరిస్థితులను యథాతథంగా ఇక్కడికి అన్వయించలేము. అయినా అందులోని సారం గమనించదగినది. పసివయసులో పరిసరాల ప్రభావం బలమైనది, తొమ్మిదో తరగతి పిల్లలకు స్నేహితులు, బడి మారడం వల్ల కలిగే అంతరాయం పెద్దది. కాబట్టి మూడేళ్ల బిడ్డ ఉన్న కుటుంబం వెంట వెళ్లడం, పదో తరగతి పిల్లలున్న కుటుంబం పరీక్షల వరకు ఆగడం రెండూ సబబైన నిర్ణయాలే కావచ్చు. బదిలీ తరువాత పాత క్వార్టర్‌ను పిల్లల చదువు కారణంగా కొంతకాలం ఉంచుకునేందుకు రైల్వే నియమాలు వీలు కల్పిస్తున్నాయి. అందుకు ముందుగా దరఖాస్తు చేసుకోవాలి.

కుటుంబాన్ని స్వస్థలంలో ఉంచితే రెండు ఇళ్ల ఖర్చు తప్పదు. కోర్బా–విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్ బిలాస్‌పూర్, రాయపూర్, రాయగడ, విజయనగరం మీదుగా నడుస్తుంది. రాత్రంతా ప్రయాణం. వారాంతపు సెలవు లేని ఉద్యోగి నెలకు ఎన్నిసార్లు ఇల్లు చేరగలడో నిజాయితీగా లెక్కించుకోవాలి.

నీరు, ఎండ, ఒప్పందం

బిలాస్‌పూర్‌లో మే నెలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం సాధారణం. అర్పా వర్షాధార నది కావడంతో వేసవిలో చాలావరకు ఎండిపోతుంది. శీతకాలంలో చూసిన ఇంట్లో వేసవి నీటి కష్టం కనిపించదు. బోరు ఎంత లోతు, ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు అందుతాయా, కార్పొరేషన్ కుళాయి ఉందా అని ఇంటి యజమానిని, అతనికంటే ముఖ్యంగా పక్కింటివారిని అడగాలి. పై అంతస్తు గదులు మధ్యాహ్నం ఎంత వేడెక్కుతాయో ఆ వేళకే వెళ్లి చూడాలి. వానాకాలంలో వీధిలో నీరు నిలుస్తుందా అన్నది గోడలపై మిగిలిన మరకలు చెబుతాయి.

అద్దె ఇంటికి రాతపూర్వక ఒప్పందం తప్పనిసరిగా చేసుకోవాలి. ఏడాదికి మించిన లీజును 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టరు చేయించాలి. 11 నెలల ఒప్పందాలు వాడుకలోకి రావడానికి కారణం ఇదే. ఛత్తీస్‌గఢ్‌లో యజమాని, అద్దెదారుల వివాదాల పరిష్కారానికి 2011 నాటి అద్దె నియంత్రణ చట్టం అమల్లో ఉంది. మళ్లీ బదిలీ అయితే ఎన్ని రోజుల ముందు తెలియజేయాలి, అడ్వాన్సు ఎప్పుడు తిరిగి ఇవ్వాలి అన్న రెండు అంశాలు ఒప్పందంలో స్పష్టంగా ఉండాలి.

వీలైతే ఉద్యోగి ముందుగా ఒక్కరే వెళ్లి కొన్ని వారాలు తాత్కాలిక వసతిలో ఉండి, ఎంచుకున్న పేట నుంచి డ్యూటీ వేళల్లో రెండు మూడుసార్లు ప్రయాణం చేసి చూడటం ఉత్తమం. అడ్వాన్సు చెల్లించే ముందు భార్యాభర్తలిద్దరూ ఆ ఇంటిని చూడాలి. ఉద్యోగి ఆ ఇంట్లో గడిపేది రోజులో కొన్ని గంటలే. పిల్లలు, వారిని చూసుకునేవారు రోజంతా అక్కడే ఉంటారు. ఎక్కువ సమయం ఆ ఇంట్లో గడిపేవారి మాటకు ఎక్కువ విలువ ఇచ్చినప్పుడే ఎంపిక సరిగా కుదురుతుంది.