లాహౌల్-స్పితిలో తగ్గిందెవరు?

హిమాచల్ ప్రదేశ్‌లో, టిబెట్ సరిహద్దును ఆనుకుని లాహౌల్-స్పితి అనే జిల్లా ఉంది. విస్తీర్ణం 13,835 చదరపు కిలోమీటర్లు. అంటే మన అవిభక్త నెల్లూరు జిల్లా కంటే కొంచెం పెద్దది. 2011 జనగణన నాటికి నెల్లూరులో 29.6 లక్షల మంది ఉంటే, ఈ జిల్లా మొత్తంలో ఉన్నది 31,564 మంది. నెల్లూరులో చదరపు కిలోమీటరుకు 227 మంది, ఇక్కడ ఇద్దరు. జిల్లాలో పట్టణమన్నదే లేదు. జిల్లా కేంద్రమైన కేలాంగ్ కూడా జనగణన లెక్కలో గ్రామమే.

2001లో ఇదే జిల్లాలో 33,224 మంది ఉన్నారు. పదేళ్లలో 1,660 మంది, అంటే 5 శాతం తగ్గారు. అదే పదేళ్లలో దేశ జనాభా 17.7 శాతం, హిమాచల్ జనాభా 12.9 శాతం పెరిగాయి. ఈ అంకె చూసినవాళ్లు సహజంగానే ‘కొండలు ఖాళీ అవుతున్నాయి, జనం ఊళ్లు వదిలి పోతున్నారు’ అనుకుంటారు. ఉత్తరాఖండ్‌లోని పౌరీ, అల్మోడా జిల్లాల్లో జనం నిజంగానే తగ్గారు కాబట్టి, లాహౌల్-స్పితిని కూడా అదే గాటన కట్టేయడం తేలిక. కానీ ఇక్కడి కథ వేరు. ఆ సంగతి జనగణన పట్టికల్లోనే ఉంది, మొత్తం జనాభా గడి దగ్గర ఆగిపోకుండా పక్క గడులు కూడా చూస్తే చాలు.

ముందు ఆడవాళ్లనూ మగవాళ్లనూ విడదీసి చూద్దాం. 2001లో జిల్లాలో ప్రతి వెయ్యి మంది మగవాళ్లకు 802 మంది ఆడవాళ్లు ఉన్నారు. 2011లో 903 మంది. ఈ నిష్పత్తులతో మొత్తాన్ని పంచితే 2001లో మగవాళ్లు దాదాపు 18,400, ఆడవాళ్లు దాదాపు 14,800 అని తేలుతుంది. 2011లో మగవాళ్లు 16,600 దరిదాపుల్లోకి వచ్చారు, ఆడవాళ్లు 15,000కు చేరువయ్యారు. అంటే ఆడవాళ్లు తగ్గలేదు సరికదా, రెండు వందల దాకా పెరిగారు. తగ్గినదంతా మగవాళ్లే, అదీ 1,800కు పైగా. కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోతే లెక్క ఇలా ఉండదు. ఇంటిల్లిపాదీ కదిలితే ఆడవాళ్ల సంఖ్య కూడా పడిపోవాలి కదా.

రెండో గడి షెడ్యూల్డ్ తెగలది. బోధ్, స్వాంగ్లా వంటి తెగలే ఈ జిల్లాలో మెజారిటీ. 2001లో జనాభాలో వాళ్ల వాటా సుమారు 73 శాతం, 2011లో 81 శాతం పైన. తలల లెక్కలో చెప్పాలంటే 24,200 నుంచి 25,700 వరకు పెరిగారు. జిల్లా మొత్తం జనం తగ్గిన పదేళ్లలో స్థానిక తెగల జనం 6 శాతం పెరిగారన్నమాట. మిగతావాళ్లు 9,000 నుంచి 5,900కు పడిపోయారు. తగ్గుదలంతా ఇక్కడే ఉంది.

ఆ మిగతావాళ్లలో దళిత కుటుంబాలు, ఉద్యోగులు, వ్యాపారులు కొంతమంది ఉంటారు. కానీ పదేళ్లలో మూడు వేల మంది అటూ ఇటూ అయ్యేంత పెద్ద గుంపు ఒకటే కనిపిస్తుంది. అది రోడ్డు కూలీలది. జార్ఖండ్, బిహార్ నుంచి, నేపాల్ నుంచి వచ్చి మనాలీ-లేహ్ రోడ్డు మీద, స్పితి లోయలోని దారుల మీద రాళ్లు కొట్టి, మంచు తీసి, తారు పోసేవాళ్లలో అత్యధికులు మగవాళ్లు. పని ఎక్కువున్న ఏడు ఎక్కువ మంది వస్తారు, తక్కువున్న ఏడు తక్కువ మంది వస్తారు. వాళ్ల రాకపోకలు జిల్లా జనాభా వక్రరేఖనే వంచేస్తున్నాయి.

ఇంత ప్రభావం ఎందుకో తెలియాలంటే జనగణన తేదీ చూడాలి. దేశమంతటా 2011 లెక్కింపు ఫిబ్రవరిలో జరిగింది, మార్చి 1 నాటికి ఉన్న జనాన్ని లెక్కగట్టారు. ఫిబ్రవరిలో లాహౌల్ మంచు కింద ఉంటుంది. ఆ రోజుల్లో మనాలీ నుంచి లాహౌల్‌కు దారైన రోహ్‌తాంగ్ కనుమ నవంబరులో మూసుకుపోతే మళ్లీ వేసవి మొదట్లోనే తెరుచుకునేది. అందుకే ఇలాంటి మంచు ప్రాంతాలకు వేరే తేదీ పెట్టారు. లెక్కింపు 2010 సెప్టెంబరులో జరిగింది, ప్రామాణిక తేదీ అక్టోబరు 1. 2001 జనగణనలోనూ అంతే. ఇందులో తప్పేమీ లేదు, ఎన్యూమరేటర్లు మంచులో గడపగడపకూ తిరగలేరు. కానీ సెప్టెంబరు అంటే రోడ్డు పనులు జోరుగా సాగే నెల. లెక్కింపు రోజులన్నీ సొంత ఊరికి దూరంగా ఉన్నవాణ్ని ఎక్కడుంటే అక్కడే రాసుకోవడం జనగణన పద్ధతి. అందువల్ల రోడ్డు పక్కన టార్పాలిన్ గుడిసెలో పడుకున్న కూలీ లాహౌల్ జనాభాలో ఒకడయ్యాడు. మంచు పడటం మొదలయ్యాక తట్టాబుట్టా సర్దుకుని తన ఊరికి వెళ్లిపోయాడు. కాబట్టి 31,564 అనేది సెప్టెంబరు జనాభా. జనవరిలో అక్కడ పొయ్యి వెలిగించుకునేవాళ్ల సంఖ్య అంతకంటే తక్కువ.

తక్కువ అనడానికి ఇంకో కారణం స్థానికులే. లాహౌల్ కుటుంబాలు చాలావాటికి కుల్లూ లోయలో ఇల్లో, భూమో ఉంటుంది. పిల్లల చదువులు అక్కడ, ముసలివాళ్ల వైద్యం అక్కడ. వేసవిలో పైకొచ్చి బంగాళాదుంప, బఠాణీ, కాలీఫ్లవర్ పండించుకుని, చలికాలం కిందికి దిగిపోవడం ఒక తరం నుంచి అలవాటు. ఒక్కో కుటుంబానికి రెండు చిరునామాలు. ఎన్యూమరేటరు ఏ నెలలో తలుపు తట్టాడన్న దాన్నిబట్టి ఆ కుటుంబం లాహౌల్‌దో కుల్లూదో అవుతుంది. దీన్ని వలస అనడం నాకు సరిగా తోచదు. పొలం ఒక చోట, బడి ఒక చోట ఉన్నప్పుడు మనిషి రెంటికీ మధ్య తిరగక తప్పదు.

వందేళ్ల లెక్కలు ముందు పెట్టుకుంటే ఈ చిత్రం ఇంకా స్పష్టమవుతుంది. ఇప్పటి జిల్లా పరిధిలో 1901లో 12,392 మంది ఉన్నారు. 1951లో 15,338. యాభై ఏళ్లలో పెరిగింది 24 శాతం. ఆ యాభై ఏళ్లలో దేశ జనాభా 51 శాతం పెరిగింది. ఆ తర్వాతి పదేళ్లలో, 1961 నాటికి, ఒక్కసారిగా 23,682కు ఎగబాకింది. 54 శాతం! పుట్టుకలతో అంత పెరగడం ఎక్కడా సాధ్యం కాదు. 1960లో లాహౌల్-స్పితి కొత్త జిల్లాగా ఏర్పడింది. కార్యాలయాలు, సిబ్బంది వచ్చారు. సరిహద్దు రోడ్ల సంస్థ పుట్టింది కూడా 1960లోనే. 1981కి 32,100 అయ్యాక జనాభా దాదాపు అక్కడే నిలిచిపోయింది. 1991లో 31,294, 2001లో 33,224, 2011లో 31,564. ముప్ఫై ఏళ్లుగా ఒకే మెట్టు మీద కొంచెం పైకీ కిందికీ ఊగుతోంది. ఒక్క చివరి పదేళ్లనే తీసి పతనం అనడం అన్యాయం.

మొదటి యాభై ఏళ్ల నిదానం వెనక ఒక కుటుంబ వ్యవస్థ ఉంది. ఈ శీతల ఎడారిలో వాన చాలా తక్కువ. మంచు కరిగిన నీటిని చిన్న కాలువల్లో మైళ్ల దూరం మళ్లించుకుంటేనే పైరు. నీరందే భూమి జిల్లా విస్తీర్ణంలో లేశమాత్రం. దాన్ని కొడుకులందరికీ పంచితే రెండు తరాల్లో ఎవరికీ గింజ దక్కదు. స్పితిలో అందుకే ఇల్లూ పొలమూ పెద్దకొడుక్కే. అతను పెళ్లాడి బాధ్యత తీసుకోగానే తల్లిదండ్రులు పెద్దింటిని అతనికి వదిలి, పక్కనే మరో చిన్నపాటి ఇంట్లోకి మారేవారు, కొంత భూమి మాత్రం తమకు ఉంచుకునేవారు. తమ్ముళ్లలో చాలామంది కీ, టాబో, ధన్‌కర్ మఠాల్లో భిక్షువులయ్యేవారు. లాహౌల్‌లో అన్నదమ్ములంతా కలిసి ఒకే స్త్రీని వివాహమాడే ఆచారం ఉండేది. బయటివాళ్లు దాన్ని వింతగా చెప్పుకున్నారు. ఆ లోయలోని నీటినీ నేలనూ లెక్కవేసి చూస్తే, పొలం ముక్కలు కాకుండా, నోళ్లు పెరగకుండా కాచుకున్న ఏర్పాటు అది. ఇరవయ్యో శతాబ్దపు రెండో సగంలో రోడ్డు, విత్తన బంగాళాదుంపలు, బఠాణీల మీద వచ్చిన డబ్బు, ప్రభుత్వ ఉద్యోగాలు ఆ ఒత్తిడిని తగ్గించాయి. తమ్ముళ్లు వేరు కాపురాలు పెట్టారు, ఇళ్లు పెరిగాయి, ఒక్కో ఇంట్లో మనుషులు తగ్గారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం హిమాచల్‌లో ఒక స్త్రీకి సగటున 1.7 సంతానం. ఆంధ్రప్రదేశ్‌లోనూ సరిగ్గా 1.7. పొలం చీలకుండా పెద్దలు పెట్టుకున్న కట్టుబాటు చేసిన పనిని ఇప్పుడు చిన్న కుటుంబం చేస్తోంది.

ఈ జిల్లా పేరు వార్తల్లోకి వచ్చింది మరో అంకెతో. 2011లో ఆరేళ్ల లోపు పిల్లల్లో వెయ్యి మంది అబ్బాయిలకు 1,033 మంది అమ్మాయిలు. దేశ సగటు 919. గర్భంలోని ఆడపిల్లను వెతికి చంపే పాపం ఈ లోయల్లోకి రాలేదని గట్టిగానే చెప్పొచ్చు, దానికి సంతోషించాలి కూడా. అయితే 1,033ను పట్టుకుని అమ్మాయిలే ఎక్కువ పుడుతున్నారనుకోకూడదు. 2001లో ఇదే నిష్పత్తి 961. చిన్న సంఖ్యల్లో నిష్పత్తులు ఇలాగే ఊగుతాయి. ఉదాహరణకు 3,000 మంది పిల్లలున్న చోట 961 అంటే 1,470 మంది అమ్మాయిలు, 1,033 అంటే 1,524 మంది. తేడా యాభై నలుగురు. అన్ని ఊళ్లకూ కలిపి యాభై నలుగురు అటు కాకుండా ఇటు పుడితే జిల్లా దేశంలో మొదటి వరసలోకి వచ్చేస్తుంది.

పైగా పుట్టిన ఆడపిల్లకు ఆస్తిలో వాటా ఉందా అంటే, స్థానిక తెగల ఆచారం ప్రకారం తండ్రి భూమి కొడుకులదే. హిందూ వారసత్వ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు. 2015లో హిమాచల్ హైకోర్టు ఈ ప్రాంతాల ఆడపిల్లలకు ఆ చట్టం ప్రకారమే వాటా ఇవ్వాలంది. 2025లో సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది, చట్టం మారందే కుదరదంది. అమ్మాయిల నిష్పత్తికి చప్పట్లు కొట్టినవాళ్లు ఈ సంగతిని కూడా అంతే గట్టిగా మాట్లాడాలని నా కోరిక.

తలసరి కొలతలు ఇలాంటి చోట ఎంత అన్యాయం చేస్తాయో ఒక లెక్క చూడండి. కొండ, గిరిజన ప్రాంతాల్లో 3,000 మందికి ఒక ఆరోగ్య ఉపకేంద్రం, 20,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలన్నది దేశమంతటా ఉన్న ప్రమాణం. మైదానాలకైతే 5,000, 30,000. ఆ సడలింపుతో లెక్కేసినా లాహౌల్-స్పితికి వచ్చేవి పది ఉపకేంద్రాలు, ఒకటిన్నర ప్రాథమిక కేంద్రం. ఒక్కో ఉపకేంద్రం కింద 1,380 చదరపు కిలోమీటర్లు. లాహౌల్‌లో 19,107 మంది, స్పితిలో 12,457 మంది ఉంటే, ఈ రెండింటి మధ్య 4,500 మీటర్లకు పైగా ఎత్తున్న కుంజుమ్ కనుమ ఉంది. అది చలికాలమంతా మూసుకుపోతుంది. అప్పుడు స్పితివాళ్లకు సొంత జిల్లా కేంద్రం కంటే కిన్నౌర్ మీదుగా సిమ్లాయే దారి. అందుకే ప్రభుత్వం స్పితిలోని కాజాలో వేరుగా పాలనా యంత్రాంగం నడుపుతోంది, ఆరోగ్య కేంద్రాలనూ తలల లెక్కకే పరిమితం చేయలేదు. ఎన్నికల్లోనూ అంతే. 68 స్థానాల హిమాచల్ శాసనసభలో 2022 నాటికి ఒక్కో స్థానానికి సగటున 82 వేల మంది ఓటర్లుంటే, ఇక్కడ 25 వేల లోపే. 15,256 అడుగుల ఎత్తున తాషీగాంగ్‌లో 52 మంది ఓటర్ల కోసం ఒక పోలింగ్ కేంద్రం పెట్టారు, ఆ 52 మందీ ఓటేశారు. ఖర్చు దండగ అనేవాళ్లుంటారు. పాడేరు, ఉట్నూరు ఏజెన్సీల్లో డోలీ మోతలు చూసిన మనం ఆ మాట అనలేం. ఆసుపత్రి ఎన్ని తలలకు ఒకటి అన్న దానికంటే ఎన్ని గంటల దూరంలో ఉందన్నది అడగాల్సిన ప్రశ్న.

2020 అక్టోబరు 3న రోహ్‌తాంగ్ కింద 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగం తెరిచారు. మనాలీ-కేలాంగ్ దూరం 46 కిలోమీటర్లు తగ్గింది. చలికాలంలో హెలికాప్టర్ సీటు కోసం ఎదురుచూసిన లాహౌల్‌కు బస్సు వెళ్లే రోజులు వచ్చాయి. దీనితో కుల్లూ ఇళ్లకు తాళం వేసి జనం పైకొచ్చి ఉంటారా, లేక రాకపోకలు తేలికై కిందనే స్థిరపడతారా అన్నది ఇంకా లెక్క తేలాల్సిన విషయం. సొరంగం తవ్విన కూలీలు వెళ్లిపోయారు, పర్యాటకుల కోసం పనిచేసేవాళ్లు వచ్చారు.

2027 జనగణనకు మంచు ప్రాంతాల ప్రామాణిక తేదీ 2026 అక్టోబరు 1. మళ్లీ రోడ్డు పనుల కాలమే. మొత్తం జనాభా 28 వేలైనా 35 వేలైనా కావచ్చు, ఆ అంకె మీదే శీర్షికలు వస్తాయి. చూడాల్సినవి వేరే రెండు గడులు. ఆడవాళ్లు 15,000కు, షెడ్యూల్డ్ తెగల జనం 25,700కు తగ్గకుండా ఉంటే లోయలోని కుటుంబాలు నిలబడి ఉన్నట్టే. మొత్తం పెరిగి, ఈ రెండూ పడిపోతే మాత్రం, అప్పుడు లాహౌల్-స్పితి నిజంగా ఖాళీ అవుతున్నట్టు.