చివరి నల్లాలో మిగిలిన క్లోరిన్

వానాకాలం వచ్చిందంటే బాన్సువాడలోనైనా, చుట్టుపక్కల పల్లెల్లోనైనా తాగునీటి గురించి ముందుగా వినబడే ప్రశ్న ఒకటే: ట్యాంకులో బ్లీచింగ్ పౌడర్ కలిపారా? కలిపారంటే నిశ్చింత, కలపలేదంటే ఫిర్యాదు. అది సగం ప్రశ్నేనని నా వాదన. ట్యాంకులో ఎంత పోశారన్నదాని కన్నా, ఊరి చివరి ఇంట్లో నల్లా తిప్పినప్పుడు ఆ నీళ్లలో ఎంత మిగిలి ఉందన్నదే ముఖ్యం. క్లోరిన్ చరిత్ర కూడా ఇదే చెబుతుంది. స్వీడన్ రసాయనవేత్త షీలే ఈ వాయువును 1774లోనే తయారుచేశాడు. గ్లాస్గోలో చార్లెస్ టెన్నంట్ 1799లో బ్లీచింగ్ పౌడర్‌కు పేటెంట్ తీసుకున్నాడు, అదీ బట్టలు తెల్లబరచడానికి. వియన్నా ప్రసూతి ఆసుపత్రిలో సెమ్మెల్‌వైస్ 1847లో వైద్యుల చేతులను క్లోరిన్ ద్రావణంతో కడిగించి బాలింతల మరణాలను బాగా తగ్గించాడు. మందు ఉంది, దాని గుణమూ కళ్లకు కట్టింది. అయినా నగరాల తాగునీటిలో అది నిలకడగా చేరడానికి మరో అరవై ఏళ్లు పట్టింది. నీళ్లలో చంపవలసింది సూక్ష్మజీవినే అన్న ఎరుక ముందు కలగాలి. ఆ తరువాత, పారే నీటికి సరిపడా మందును ఆగకుండా అందించే యంత్రం కావాలి.

ఆ యంత్రం ఒక్కరోజులో పుట్టలేదు. 1897లో ఇంగ్లండులోని మెయిడ్‌స్టన్ పట్టణంలో టైఫాయిడ్ చెలరేగినప్పుడు నీటి గొట్టాలను బ్లీచింగ్ ద్రావణంతో శుద్ధి చేశారు. జబ్బు వచ్చాక చేసిన పని అది. 1905లో లింకన్ నగరంలోనూ టైఫాయిడే కారణం, కానీ అక్కడ అలెగ్జాండర్ హౌస్టన్ ఒకసారి కడిగి వదిలేయకుండా నీటికి రోజూ క్లోరిన్ అందేలా చూశాడు. 1908 సెప్టెంబరు 26న అమెరికాలోని జెర్సీ సిటీకి నీళ్లిచ్చే బూంటన్ జలాశయం దగ్గర డాక్టర్ జాన్ లీల్, ఇంజనీరు జార్జ్ ఫుల్లర్ కలిసి ఒక ఏర్పాటు ప్రారంభించారు. బ్లీచింగ్ పౌడర్‌ను తొట్లలో కరిగించి, ద్రావణం మట్టం మారకుండా ఉంచి, లెక్కగట్టిన రంధ్రం గుండా పారే నీటిలోకి వదిలారు. తాగే నీళ్లలో విషం కలుపుతున్నారని గొడవ లేచింది, ఆ పద్ధతి మీద కోర్టులో వాదనలు నడిచాయి. చివరికి కోర్టు ఆ పద్ధతిని ఆమోదించింది. నా దృష్టిలో ఆ తీర్పును గెలిపించింది రంధ్రం కొలతే. పిడికిళ్లతో చల్లి ఉంటే లీల్ దగ్గర చూపించడానికి లెక్క ఉండేది కాదు.

పొడికి బదులు వాయువునే వాడవచ్చన్న ఆలోచనకు మన దేశంతోనూ సంబంధం ఉంది. ఇండియన్ మెడికల్ సర్వీసులో పనిచేసిన విన్సెంట్ నెస్‌ఫీల్డ్, క్లోరిన్‌ను ఒత్తిడితో ద్రవంగా మార్చి నీటిశుద్ధికి వాడవచ్చని 1903లోనే రాశాడు. అమెరికా సైన్యంలో డాక్టర్ కార్ల్ డార్నల్ 1910లో దాన్ని చేసి చూపించాడు. 1913లో చార్లెస్ వాలస్, మార్టిన్ టియర్నన్ అనే ఇద్దరు సిలిండరులోంచి వచ్చే వాయువును కొలిచి నీటికందించే క్లోరినేటర్‌ను అదే బూంటన్‌లో బిగించారు. తరువాతి తరం యంత్రాల్లో వచ్చిన మార్పు నాకు మరింత గొప్పగా కనిపిస్తుంది. ఇరుకు గొట్టంలోంచి నీటిని వేగంగా పంపితే అక్కడ శూన్యం ఏర్పడుతుంది, ఆ శూన్యమే వాయువును లోపలికి లాక్కుంటుంది. గొట్టానికి చిల్లుపడితే గాలి లోపలికి పోతుందే తప్ప విషవాయువు బయటికి రాదు. నీళ్లు ఆగితే శూన్యం పోయి క్లోరిన్ కూడా ఆగిపోతుంది. 1915లో బెల్జియంలోని ఈప్ర యుద్ధభూమిలో సైనికులను చంపిన వాయువును ఒక పంపుహౌసులో భద్రంగా వాడగలగడం ఇలాంటి జాగ్రత్తల వల్లనే సాధ్యమైంది.

ఇంత కొలత ఎందుకంటే, నీళ్లలో పోసిన క్లోరిన్ అంతా క్రిముల మీదికే పోదు. బురద, ఆకుల కుళ్లు, ఇనుము, అమ్మోనియా, పైపు గోడల జిగురు అన్నీ దాన్ని తినేస్తాయి. పాత బాకీలన్నీ తీరాకే చేతిలో మిగిలేది మన సొమ్ము. క్లోరిన్ సంగతీ అంతే. ఆ బాకీ ప్రతి నీటికీ వేరని, దాన్ని కొలిచాకే మోతాదు నిర్ణయించాలని 1919లో బాల్టిమోర్‌లో ఏబెల్ వోల్మన్, లిన్ ఎన్‌స్లో తేల్చారు. కాబట్టి వేసవిలో సరిపోయిన మోతాదు, మంజీర నది ఎర్రనీళ్లు వచ్చే వానాకాలంలో సరిపోకపోవచ్చు. పైగా పొడి బలమూ స్థిరంగా ఉండదు. తాజా బ్లీచింగ్ పౌడర్‌లో మూడో వంతు పనిచేసే క్లోరిన్ ఉంటుంది. లీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున లక్ష లీటర్ల ట్యాంకుకు 200 గ్రాముల క్లోరిన్, అంటే 600 గ్రాముల పొడి కావాలి. మూతి విప్పిన సంచి ఎండకూ తేమకూ పడి ఉండి పదో వంతుకు దిగితే అదే పనికి 2 కిలోలు కావాలి. రెండు పొడులూ చూపుకు తెల్లగానే ఉంటాయి. నీటి క్షారగుణం మరో చిక్కు. పీహెచ్ 7.5 దగ్గర క్లోరిన్‌లో సగమే చురుకైన హైపోక్లోరస్ ఆమ్లంగా ఉంటుంది. 8కి చేరితే అది పావు వంతుకు కాస్త అటూఇటూగా పడిపోతుంది.

ఈ లెక్కలన్నీ ఒకేచోట కఠినంగా పరీక్షకు నిలిచేది పెద్ద హోటళ్లలో జకూజీ అనే వేడినీటి తొట్టిలో. 40 డిగ్రీల దాకా వేడిచేసిన కొద్దిపాటి నీళ్లు, నలుగురి చెమట, ఎడతెగని బుడగలు. వేడికి క్లోరిన్ త్వరగా తరిగిపోతుంది, బుడగలు దాన్ని గాలిలోకి తోలేస్తాయి, చెమటలోని నత్రజని పదార్థాలు మిగిలింది లాగేస్తాయి. అందుకే ఈతకొలనులో లీటరుకు 1 మిల్లీగ్రాము చాలనే అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ, వేడి తొట్టిలో కనీసం 3 ఉండాలంటుంది. 1999లో నెదర్లాండ్స్‌లోని బోవెన్‌కార్‌స్పెల్ పూల ప్రదర్శనలో చూపడానికి పెట్టిన అలాంటి తొట్టి నుంచి లేచిన తుంపరలు పీల్చి వందమందికి పైగా లెజియొనెల్లా అనే బ్యాక్టీరియా తెచ్చే న్యుమోనియా బారిన పడ్డారు, పదుల సంఖ్యలో చనిపోయారు. బాన్సువాడలో జకూజీలు లేకపోతేనేం, మే నెల మధ్యాహ్నం మిద్దె మీద ఎండకు కాగే ప్లాస్టిక్ ట్యాంకులోని నీళ్లు ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. ఆ వేడిలో పొద్దున నింపిన క్లోరిన్ సాయంత్రానికి ఎంత మిగులుతుందో ఊహించడం కష్టం కాదు. మూత లేకుంటే ఎండ కూడా దాన్ని విరగ్గొడుతుంది.

యంత్రమంటే సిలిండర్లు, మోటార్లే కానక్కర్లేదు. కలరా భయంతో హాంకిన్ అనే శాస్త్రవేత్త 1890లలో మన దేశపు బావుల్లో పొటాషియం పర్మాంగనేట్ వేయించాడు. నీళ్లు గులాబీరంగు తిరిగేవి, కొత్త నీరు ఊరగానే ప్రభావం పోయేది. ఆ లోటును తీర్చింది నాగపూర్‌లో రూపొందిన జంటకుండల పద్ధతి. కిలో బ్లీచింగ్ పౌడర్, 2 కిలోల ముతక ఇసుక కాస్త తడిపి కలిపి, రంధ్రం ఉన్న చిన్నకుండలో నింపి, దాన్ని రంధ్రమున్న పెద్దకుండలో పెట్టి, మూతికి ప్లాస్టిక్ కాగితం కట్టి, తాడుతో బావి నీటిమట్టానికి కనీసం మీటరు లోతున వేలాడదీస్తారు. సుమారు 4,500 లీటర్ల నీళ్లుండి, రోజుకు 360 నుంచి 450 లీటర్లు తోడే ఇంటి బావికి అది రెండు మూడు వారాలు సరిపోతుంది. కుమ్మరి చేతిలో తయారయ్యే ఈ కుండలు చేసేది ఫుల్లర్ రంధ్రం చేసిన పనే. మందును ఒక్కసారిగా విడిచేయకుండా కొంచెం కొంచెంగా బావిలోకి దిగనిస్తాయి. ఈ సాధనానికి దక్కాల్సిన గౌరవం దక్కలేదనిపిస్తుంది.

క్లోరిన్ వాసన వస్తే ఎక్కువ పోశారని జనం గోల చేస్తారు. చాలాసార్లు సంగతి తలకిందులు: అమ్మోనియాతో కలిసిన క్లోరమైన్ల వాసన అది, చాలినంత పోస్తే అవే విరిగిపోయి వాసన తగ్గుతుంది. క్యాన్సర్ భయం మాత్రం తోసిపుచ్చదగింది కాదు. సేంద్రియ కల్మషంతో కలిసి క్లోరిన్ క్లోరోఫాం వంటివి పుట్టిస్తుందని డచ్ శాస్త్రవేత్త యోహానెస్ రూక్ 1974లో చూపించాడు. దానికి జవాబు క్లోరిన్ మానడం కాదు, పటికతో పేరబెట్టి, ఇసుకలో వడగట్టి ఆ కల్మషాన్ని ముందే తీసేయడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాటా అదే. వడపోత ఇంకో కారణానికీ తప్పదు. 1993లో అమెరికాలోని మిల్వాకీలో దాదాపు 4 లక్షల మందిని మంచం పట్టించిన క్రిప్టోస్పోరిడియంకు మామూలు మోతాదు క్లోరిన్ లెక్కలేదు. ఇక ఆర్ఓ క్యాన్ ఉండగా నల్లా నీళ్లెందుకన్న వాదన. ఆర్ఓ పొర చెడకుండా ముందే కార్బన్ వడపోతతో క్లోరిన్ తీసేస్తారు. అంటే ఆ 20 లీటర్ల క్యాన్‌లో నీళ్లు శుభ్రమే కావచ్చు, రక్షణ మాత్రం ఏమీ లేదు. కడగని క్యాన్, ముంచిన గ్లాసు, మూడు రోజుల నిల్వ — వీటిలో ఏ ఒక్కటైనా ఆ శుభ్రతను చెడగొట్టగలదు.

ఇప్పుడు మోటారు ఆన్ చేయగానే తనంతట తానే హైపోక్లోరైట్ కలిపే డోసింగ్ పంపులు వచ్చాయి కదా, ఇంకా మనిషి కొలవడమెందుకని అడగవచ్చు. డ్రమ్ము ఖాళీ అయినా, గట్టి నీటి సున్నం పేరుకుని ముక్కు మూసుకుపోయినా ఆ పంపు చప్పుడు చేస్తూనే ఉంటుంది. అందుకే మిగిలిన క్లోరిన్‌ను రంగును బట్టి చూపే క్లోరోస్కోప్‌లో రంగు చూడటం తప్పదు. మన దేశ ప్రమాణం ప్రకారం తాగే చోట లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. ట్యాంకు దగ్గర కొలిస్తే పౌడర్ కలిపారని మాత్రమే తెలుస్తుంది. వాడలు దాటుకుంటూ ఒక్కో నల్లా దగ్గర కొలుచుకుంటూ పోతే ఇంకా చాలా తెలుస్తుంది. వరుసగా 0.5, 0.4 చూపిన లైను మరుసటి నల్లా దగ్గర ఒక్కసారిగా సున్నాకు పడితే, ఆ రెండు నల్లాల మధ్యే ఎక్కడో పైపు పగిలి మురికికాల్వ నీరు కలుస్తోందేమోనని ముందుగా అనుమానించాలి. అక్కడ ఇంకో కిలో పౌడర్ పోసి లాభం లేదు, గడ్డపార పట్టుకుని ఆ జాగా తవ్వించి చూడాలి.